పసుపు, శంఖుపూలు, బోరు నీళ్ళు: వంటింట్లో ఆమ్లక్షార పరీక్షలు

పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణిలో ఎర్ర రంగు విడిగా ఏదీ కలపరు. పసుపులో కాస్త సున్నం వేసి నీళ్ళతో రంగరిస్తే, పచ్చగా ఉన్న ముద్ద చూస్తుండగానే ఎర్రబడుతుంది. దిష్టి తీయడానికి పళ్ళెంలో కలిపే ఎర్రనీళ్ళ సంగతీ అంతే. ఆ పళ్ళెంలో నిమ్మరసం పిండితే ఎరుపు విరిగిపోయి పసుపు రంగు మళ్ళీ పైకి వస్తుంది. ఇంకాస్త సున్నం వేస్తే తిరిగి ఎర్రబడుతుంది. పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం ఆమ్లంలోనూ, మామూలు నీళ్ళలోనూ పచ్చగానే ఉండి, క్షారం తగిలినప్పుడు తన అణువులోని హైడ్రోజన్‌ను వదులుకొని ఎరుపు కలిసిన గోధుమ రంగుకు మారుతుంది. ఆమ్లక్షార పరీక్ష అనగానే బడిలో చూసిన లిట్మస్ కాగితమే మనకు గుర్తుకు వస్తుంది గాని, శుభకార్యం జరిగిన ప్రతిసారీ ఆ పరీక్ష మన ఇళ్ళలో జరుగుతూనే ఉంది.

బట్టలు ఉతికేవారికి కూడా ఇది తెలిసిన విషయమే. తెల్ల చొక్కా మీద సాంబారు ఒలికినచోట సబ్బు బిళ్ళ రుద్దగానే మరక ఎర్రగా తేలుతుంది, దాన్ని చూసి మరక ముదిరిందని కంగారు పడేవారూ ఉన్నారు. నిజానికి మరకలో ఉన్న పసుపు, సబ్బులోని క్షారాన్ని చూపించింది, అంతే. బాగా జాడిస్తే మళ్ళీ పచ్చగా మారుతుంది. కర్కుమిన్ వెలుతురుకు తట్టుకోలేదు కనుక ఎండలో ఆరేస్తే చాలావరకు వెలిసిపోతుంది. హైదరాబాదు ఎండలు ఆ ఒక్క పనికైనా ఉపయోగపడతాయి.

అయితే పసుపు ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఎదుట ఉన్నది క్షారమా కాదా అన్నంతవరకే దానికి తెలుసు. నిమ్మరసంలో ముంచినా, పాలలో ముంచినా, కుళాయి నీళ్ళలో ముంచినా పసుపు కాగితం పచ్చగానే ఉంటుంది కాబట్టి, పులుపు సంగతి దానిని అడిగి ప్రయోజనం లేదు. క్షారం విషయంలో మాత్రం నమ్మదగిన సాక్షి. ఆ కాగితం చేసుకోవడం సులువే. కర్కుమిన్ నీళ్ళలో సరిగా కరగదు, అందుకని ఒక చెంచా పసుపును మందుల దుకాణంలో దొరికే స్పిరిట్‌లో కలిపి, తేరిన తర్వాత పైనున్న ద్రవంలో దళసరి తెల్ల కాగితపు ముక్కలను ముంచి నీడన ఆరబెట్టాలి. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది, కనుక ఈ పని పొయ్యి దగ్గర పెట్టుకోకూడదు.

సున్నం కోసం మా వీధి చివరి పాన్ డబ్బాకు వెళ్ళినప్పుడు, ఆకూ వక్కా ఏదీ వద్దు, సున్నం మాత్రం కావాలని అడిగితే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సున్నం ఒక్కటేనా అమ్మా? ఏం చేస్కుంటరు?" అన్నాడు. పిల్లలకు రంగులు మార్చి చూపిస్తానని చెప్పాను. ఆయన నవ్వి, చిన్న ప్లాస్టిక్ కవర్లో వేలెడంత సున్నం వేసి ఇచ్చి, డబ్బులు వద్దన్నాడు. తమలపాకులో సున్నం, కాచు కలిసి నోరు ఎర్రబడే వ్యవహారంలో ఆయనకు నాకన్నా అనుభవం ఎక్కువ.

పసుపు నుంచి వచ్చిన ఎరుపే గదా అని కుంకుమను కూడా నిమ్మరసంతో పరీక్షించే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. నిమ్మరసం పడగానే పచ్చబడితే అసలు కుంకుమ, లేకపోతే రంగు కలిపిన కుంకుమ అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. పాత పద్ధతిలో కుంకుమ చేసేటప్పుడు పసుపు కొమ్ములను నిమ్మరసంలో పటికతోనూ, వెలిగారంతోనూ కలిపి నానబెట్టి, ఆరబెట్టి దంచుతారు. అక్కడ ఎరుపు వచ్చేది క్షారం వల్ల కాదు. వెలిగారంలోని బోరాన్, ఆమ్లం సమక్షంలో కర్కుమిన్‌తో కలిసి వేరొక ఎర్రని పదార్థంగా ఏర్పడుతుంది. ఆమ్లంలో పుట్టిన ఎరుపు నిమ్మరసానికి ఎందుకు విరుగుతుంది? కాబట్టి శ్రద్ధగా చేసిన కుంకుమ ఈ పరీక్షలో ఓడిపోయి, సున్నంతో హడావుడిగా ఎర్రబరచిన పసుపు నెగ్గే అవకాశం ఉంది. అలాగే పసుపులో కలిపే మెటానిల్ ఎల్లో అనే కల్తీ రంగు నిమ్మరసంతో బయటపడుతుందన్న మాట కూడా నిలవదు. ఆ రంగు గులాబీగా మారడానికి నిమ్మరసం కన్నా చాలా గట్టి ఆమ్లం కావాలి, అది వంటింట్లో ఉండవలసిన వస్తువు కాదు.

పులుపు వైపు కూడా చూడాలంటే పూల దగ్గరకో, ఊదా రంగు క్యాబేజీ దగ్గరకో వెళ్ళాలి. వీటికి రంగునిచ్చేవి ఆంథోసయనిన్లు. ఊదా క్యాబేజీ రైతుబజారులో ఎప్పుడో గాని కనిపించదు, సూపర్ మార్కెట్లో దొరుకుతుంది గాని ధర ఎక్కువ. నాకు మాత్రం బాల్కనీ గ్రిల్ మీద అల్లుకునే నీలి శంఖుపూల తీగే ఇష్టం. గుప్పెడు పూలు కోసి, తొడిమలు తీసి, గ్లాసు వేడినీళ్ళలో వేసి మూత పెడితే కాసేపట్లో సిరా వంటి నీలపు కషాయం వస్తుంది. తెల్ల శంఖుపూలు ఈ పనికి రావు. ఎర్ర ముద్దమందారం, రేక మందారం రెండూ పనికివస్తాయి, కాకపోతే వాటి కషాయం జిగటగా ఉండి వడకట్టడం విసుగు పుట్టిస్తుంది. పాత్ర విషయంలో జాగ్రత్త అవసరం. ఇనుము, అల్యూమినియం ఈ రంగులతో కలిసి వాటిని మార్చివేస్తాయి, అందువల్ల గాజు గ్లాసు గాని స్టీలు గిన్నె గాని వాడాలి.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. కషాయంలో నిమ్మకాయ పిండి, గులాబీ రంగు రాగానే చప్పట్లు కొట్టి వదిలేస్తారు. అది చూడటానికి బాగానే ఉంటుంది గాని పరీక్ష అనిపించుకోదు. తెలియని వస్తువు సంగతి తేల్చాలంటే, ముందు తెలిసిన వస్తువులతో ఒక వరుస పేర్చుకొని, దాని పక్కన పెట్టి పోల్చాలి. ఆమ్లక్షారాల బలాన్ని అంకెలలో చెప్పే పీహెచ్ కొలమానాన్ని 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సెన్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. 7 దగ్గర తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్కొక్క అంకెకు మధ్య పది రెట్ల తేడా ఉంటుంది. అంటే 3 ఉన్న రసం 5 ఉన్న రసం కన్నా రెండు రెట్లు కాదు, నూరు రెట్లు ఆమ్లం.

నా వరుసలో మొదటి తెల్ల కప్పులో నిమ్మరసం ఉంటుంది, దాని పీహెచ్ రెండు, రెండున్నర మధ్య. తర్వాత నాలుగున్నర దగ్గరుండే పుల్ల పెరుగు మీద తేరిన నీళ్ళు, ఆ తర్వాత ఆరున్నర దాటిన పాలు, వాటి పక్కన చల్లార్చిన మంచినీళ్ళు. అవతలి వైపు, నీళ్ళలో కరిగించిన వంట సోడా 8 దాటుతుంది, చాకలి సోడా 11 దగ్గర ఉంటుంది, సున్నపు తేట 12 దాటుతుంది. ప్రతి కప్పులోనూ సమానంగా చెంచాడు కషాయం పోసి, కిటికీ పక్కన పగటి వెలుతురులో చూడాలి. ట్యూబులైటు కింద నీలానికీ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియదు. శంఖుపూల కషాయమైతే నిమ్మరసంలో ముదురు గులాబీ కలిసిన ఊదాగానూ, పెరుగు తేటలో ఊదా నీలంగానూ, నీళ్ళలో నీలంగానూ ఉండి, వంట సోడా దగ్గర ఆకుపచ్చ ఛాయ మొదలై, చాకలి సోడాలో చక్కని ఆకుపచ్చగా తేలుతుంది. క్యాబేజీ కషాయం నిమ్మరసంలో ఇంకా ఎర్రగా వస్తుంది, పులుపులలోని తేడాలను అది మెరుగ్గా చూపుతుంది. పాలలో మాత్రం తెల్లదనం అడ్డువచ్చి, రంగును అంచనా వేసుకోవలసి ఉంటుంది.

సున్నపు తేట కప్పును కాస్త ఓపికగా చూడాలి. కషాయం పడగానే ఆకుపచ్చగా ఉన్నది క్రమంగా పసుపు పచ్చకు దిగిపోతుంది. అంత గట్టి క్షారంలో ఆ రంగు అణువే విచ్చిపోతుంది. కొంతసేపు అలా ఉంచి, తర్వాత ఎంత నిమ్మరసం పోసినా మొదటి గులాబీ రంగు పూర్తిగా తిరిగి రాదు. పారాణి పళ్ళెంలో ఎరుపు పసుపుల మధ్య ఎన్నిసార్లయినా అటూ ఇటూ తిరిగే పసుపుకూ, దీనికీ ఉన్న తేడా ఇది.

వరుస సిద్ధమైతే ఇక ఇంట్లో ఉన్న ప్రతి సీసా మీదా అనుమానం పుడుతుంది. మా అక్క కూతురు వేసవి సెలవులకు వచ్చినప్పుడు మొదట పట్టుకొచ్చింది కుంకుడుకాయ రసం. నురుగు వస్తుంది కాబట్టి అది సబ్బులాగే క్షారమై ఉండాలని దాని వాదన. "పిన్నీ, ఇది ఆకుపచ్చగా మారుతుంది చూడు" అంటూ పోసింది. కప్పు ఊదా వైపుకు తిరిగింది. కుంకుడు రసం కొద్దిగా ఆమ్లం. దాని నురుగుకు కారణం సపోనిన్లు అనే మొక్కల పదార్థాలు, వాటికి క్షారంతో పని లేదు. రసం గోధుమ రంగులో ఉంటుంది కనుక బాగా పలచన చేసి పోస్తేనే ఈ మార్పు కనబడుతుంది. ఒంటి సబ్బు బిళ్ళ అరగదీసిన నీళ్ళు మాత్రం ఆకుపచ్చ వైపుకు వచ్చాయి. గిన్నెలు తోమే బిళ్ళకూ, గిన్నెలు తోమే ద్రవానికీ కూడా ఇలాంటి తేడా కనిపిస్తుంది. బిళ్ళలో చాకలి సోడా ఉంటుంది, ద్రవం సాధారణంగా తటస్థానికి దగ్గరగా ఉంటుంది. చేతులు పగిలే వారికి ఈ ఒక్క పరీక్ష ఉపయోగపడవచ్చు.

తినే వస్తువుల్లో క్షారం వెదకబోతే చేతికి ఏదీ సులభంగా చిక్కదు. కూరలు, పళ్ళు, పప్పులు, పాలు అన్నీ ఎంతోకొంత ఆమ్లం వైపే. గుడ్డు తెల్లసొన మాత్రం క్షారం. గుడ్డు నిలవ ఉన్న కొద్దీ పెంకులోని సన్నని రంధ్రాల గుండా బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) బయటకు పోయి అది 7.6 దగ్గర నుంచి 9 దాటేవరకు పెరుగుతుంది. క్యాబేజీ కషాయంతో తెల్లసొన నీలి ఆకుపచ్చగా మారుతుంది. శాకాహారుల ఇంట్లో ఈ ముచ్చటకు అవకాశం లేదు, మా ఇంట్లో ఉంది.

నాలుక ఈ విషయంలో నమ్మదగినది కాదు. కోలా పానీయం పీహెచ్ రెండున్నర దగ్గర ఉంటుంది, అంటే దాదాపు నిమ్మరసంతో సమానం. చక్కెర ఆ పులుపును కప్పేస్తుంది. రుబ్బిన వెంటనే తటస్థానికి దగ్గరగా ఉండే ఇడ్లీ పిండి, రాత్రంతా పులిసి తెల్లవారేసరికి నాలుగున్నర దగ్గరకు దిగుతుంది; హైదరాబాదులో మే నెలలో అయితే తెల్లవారేదాకా కూడా ఆగదు. రాత్రి పడుకునే ముందు ఒకసారి, ఉదయం ఒకసారి పిండి మీది తేటను పరీక్షిస్తే, కషాయం నీలం నుంచి ఊదాకు జరగడం కనిపిస్తుంది.

కషాయం ఏదీ లేకుండానే పొయ్యి మీద రంగు మార్చి చూపించేది గోంగూర. పాలకూర మూకుడులో వేసిన తర్వాత చాలాసేపు పచ్చగా ఉంటుంది, గోంగూర మాత్రం వేడి తగలగానే పాకుడు పట్టిన రంగుకు తిరుగుతుంది. ఆకులోని పత్రహరితంలో మెగ్నీషియం ఉంటుంది. గోంగూరలో ఉన్న ఆమ్లం, ఆకు కణాలు మెత్తబడగానే దానిని తొలగించివేయడంతో పచ్చదనం పోతుంది. పాలకూర పప్పులో చింతపండు రసం పోసినప్పుడు జరిగేది కూడా ఇదే. పప్పు మెత్తగా ఉడికిన తర్వాతే చింతపండు వేయాలని పెద్దవాళ్ళు చెప్పే మాటకు కారణం వేరు, అది రంగుకు సంబంధించినది కాదు. ఆమ్లంలో గింజ గోడలు త్వరగా కరగవు, పప్పు బిరుసుగా ఉండిపోతుంది. శనగలు నానేటప్పుడు చిటికెడు వంట సోడా వేస్తే దీనికి వ్యతిరేకంగా గోడలు సడలి తొందరగా ఉడుకుతాయి.

నీళ్ళ విషయం నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే ఈ నగరంలో ఒకే ఇంట్లోకి మూడు రకాల నీళ్ళు వస్తాయి. జలమండలి సరఫరా చేసే కృష్ణా, గోదావరి, మంజీర నీళ్ళు కొన్ని, అపార్టుమెంటు బోరు నీళ్ళు కొన్ని, ఆర్వో యంత్రం నుంచి వచ్చేవి కొన్ని. తాగునీటి పీహెచ్ 6.5 నుంచి 8.5 వరకు ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతుంది. మూడు కప్పులలో మూడు నీళ్ళు పోసి పలచగా శంఖుపూల కషాయం కలిపితే తేడా అంతంత మాత్రమే. ఇప్పుడు నిమ్మరసాన్ని మందు సీసా డ్రాపర్‌తో ఒక్కొక్క చుక్కగా వేస్తూ పోవాలి. ఆర్వో నీళ్ళు ఒక చుక్కకే ఊదా రంగుకు తిరిగిపోతాయి. బోరు నీళ్ళు చుక్క పడినచోట ఊదా మెరిసి, కలియబెట్టగానే మళ్ళీ నీలమవుతాయి. ఇంకో చుక్క, మళ్ళీ నీలం. చిన్న కప్పుకే అరడజను చుక్కలు దాటవచ్చు. బోరు నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు వచ్చిన ఆమ్లాన్ని వచ్చినట్టే మింగేస్తుంటాయి. పీహెచ్ ఎంత అన్నది ఒక ప్రశ్న, ఆమ్లాన్ని ఎంతవరకు ఓర్చుకోగలవన్నది మరొక ప్రశ్న. ఈ రెండవదాన్ని నీటి పరీక్షల నివేదికలలో క్షారత అనే పేరుతో వేరే అంకెగా ఇస్తారు.

అదే బోరు నీళ్ళను పది నిమిషాలు మరగబెట్టి, చల్లార్చి మళ్ళీ చూస్తే కషాయం కాస్త ఆకుపచ్చ ఛాయకు వస్తుంది. మరిగేటప్పుడు బైకార్బొనేటు విడిపోయి, బొగ్గుపులుసు వాయువు ఎగిరిపోతుంది, కాల్షియం కార్బొనేటు తెల్లని పొరగా గిన్నె అడుగున దిగుతుంది. గీజరులో, కెటిల్‌లో పేరుకునే గట్టి పెచ్చు అదే. దాని మీద నిమ్మరసం గాని వినెగర్ గాని పోస్తే బుసబుసమని పొంగి కరుగుతుంది. బోరు నీళ్ళతో కాచిన టీ నల్లగా, మందంగా ఉండటానికి కూడా ఈ బైకార్బొనేట్లే కారణం. టీ డికాక్షన్ తానే ఒక సూచిక, నిమ్మరసం పిండితే తేలికైన తేనె రంగుకు వస్తుంది, వంట సోడా వేస్తే ముదిరిపోతుంది.

పీహెచ్‌కూ, క్షారతకూ ఉన్న ఈ తేడా తెలిసి ఉండటం మా అపార్టుమెంటులో ఒక ఆదివారం ఉపయోగపడింది. క్షార జలం తయారుచేసే యంత్రం అమ్మడానికి ఒకతను వచ్చి, సెల్లారులో బల్ల వేసి, గ్లాసులలో ఏదో రంగు చుక్కలు వేశాడు. ఆర్వో నీళ్ళు పసుపు రంగుకు మారాయి, అతని యంత్రం నీళ్ళు నీలంగా మెరిశాయి, కోలా గ్లాసు ఎర్రబడింది. ఆర్వో నీళ్ళనూ కోలానూ పక్కపక్కన చూపించి, రెండూ ఒంటికి ఆమ్లమే పోస్తాయని చెప్పాడు. చూస్తున్నవాళ్ళలో కొందరి ముఖాలు నిజంగానే వాడిపోయాయి. నేను ఇంట్లోంచి చిటికెడు వంట సోడా తెచ్చి ఆర్వో గ్లాసులో వేయమన్నాను. అది కూడా నీలమైంది. అతను మర్యాదస్తుడే, నవ్వి ఊరుకున్నాడు.

అతని చుక్కలు అబద్ధం చెప్పలేదు. ఆర్వో నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి, గాలిలోని బొగ్గుపులుసు వాయువు కొంచెం కరిగినా వాటి పీహెచ్ 7 కన్నా దిగువకు వస్తుంది. కానీ ఆ ఆమ్లం ఎంత స్వల్పమంటే చిటికెడు సోడాలో లేశమాత్రం చాలు దానిని రద్దు చేయడానికి; కోలాలోని ఆమ్లానికి అలాంటి చిటికెలు ఎన్నో పడతాయి. ఎంత క్షార జలం తాగినా అది ముందు చేరేది పీహెచ్ రెండు దగ్గరుండే జీర్ణాశయంలోకి. రక్తం పీహెచ్‌ను 7.35 నుంచి 7.45 మధ్య పట్టి ఉంచే పని ఊపిరితిత్తులు, మూత్రపిండాలు చూసుకుంటాయి. నీళ్ళలో ఫ్లోరైడు ఉందా, నైట్రేటు ఉందా, సూక్ష్మజీవులు ఉన్నాయా అన్న అసలు ప్రశ్నలకు అతని చుక్కల దగ్గర గాని, నా శంఖుపూల దగ్గర గాని సమాధానం లేదు. వాటికి ప్రయోగశాలకే నమూనా పంపాలి.

పిల్లలతో ఈ పరీక్షలు చేసేవారికి కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. సున్నం, చాకలి సోడా పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి; సున్నం కంట్లో పడితే నిమ్మరసంతో విరగ్గొట్టాలని చూడకుండా, ధారగా మంచినీళ్ళు పోసి కడుగుతూ వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లాన్ని వరుసలో చేర్చాలన్న సరదా వద్దు. అది బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. బ్లీచింగ్ పౌడరు ఎలాగూ ఈ పరీక్షకు లొంగదు, రంగును మార్చడానికి బదులు రంగునే తినేస్తుంది. పరీక్షించిన పెరుగును, పాలను తిరిగి ఫ్రిజ్‌లో పెట్టకుండా పారబోయాలి.

కషాయం గది వేడికి రెండో రోజుకే వాసన పడుతుంది. మిగిలినదాన్ని ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టిస్తే, కావలసినప్పుడు ఒక్కొక్క బిళ్ళ కరిగించుకోవచ్చు. ట్రే మీద పేరు రాసి అంటించడం మరచిపోకూడదు, ఇంటికి వచ్చిన బంధువులు దానిని నేరేడు షర్బతు అనుకునే ప్రమాదం ఉంది.